మామ గిటారుకు మూడు మంద్ర తీగలు

గిటారుకు ఆరు తీగలుంటాయని అందరికీ తెలుసు. ఆ ఆరూ ఒక్క జాతివి కావని చాలామందికి తెలియదు. నైలాన్ తీగల గిటారును ఒళ్లో పెట్టుకొని చూడండి. కింది మూడు తీగలు గాలానికి కట్టే దారంలాగా నున్నగా, గాజులాగా ఉంటాయి. పై మూడు వెండి రంగులో మెరుస్తూ ఉంటాయి. వాటి మీద గోరు జరిపితే ‘జర్ర్’ మని సన్నగా గీరిన శబ్దం వస్తుంది. ఈ పై మూడింటినే బాస్ తీగలంటారు. మన సంగీతం మాటల్లో చెప్పాలంటే మంద్ర తీగలు. ఈ వ్యాసం ఆ మూడు తీగల గురించి. ఒక్క ప్యాకెట్టు తీగలు కొనడానికి నాకు నెలన్నర పట్టింది. ఎందుకంత పట్టిందో, ఆ నెలన్నరలో నేనేం తెలుసుకున్నానో చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది మామూలు గిటారు కాదు, ఫ్లమెంకో గిటారు. ఫ్లమెంకో అంటే స్పెయిన్ దేశంలో దక్షిణాన ఉన్న అండలూసియా ప్రాంతపు పాట, ఆట, గిటారు కలిసిన కళ. అక్కడి జిప్సీలు దాన్ని పెంచి పోషించారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ కళల పట్టికలో చేర్చింది. చెన్నపట్నంలో తండయార్‌పేటలో ఉండే మా ఇంటికి అది ఎలా వచ్చిందంటే, మా మేనమామ సరుకుల ఓడలో ఫిట్టరుగా పనిచేసేవాడు. ఓడ ఒకసారి అల్హెసిరాస్ రేవులో ఆగింది. అది స్పెయిన్ దక్షిణపు కొసన, జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డున ఉన్న పెద్ద కంటైనర్ రేవు. ప్రపంచంలో అందరికన్నా పేరున్న ఫ్లమెంకో గిటారు విద్వాంసుడు పాకో దె లూసియా 1947లో పుట్టింది ఆ ఊళ్లోనే. మామకు ఆ సంగతి అప్పుడు తెలియదు. ఊళ్లోకి పోయి రావడానికి కొన్ని గంటలే టైము దొరికింది. ఒక కొట్టు ముందు నడుస్తుంటే లోపల ఒక ముసలాయన బొటనవేలితో గిటారు మీద కొడుతున్న శబ్దం వినిపించిందట. ‘‘డోలు కొట్టినట్టు ఉండింది పాపా, కానీ స్వరం పలికింది’’ అని మామ చెబుతాడు. ఆ నెల జీతంలో సగం పెట్టి, ఆ కొట్లోనే తక్కువ ధరలో ఉన్న గిటారు ఒకటి కొనుక్కున్నాడు. ఓడలో ఫిలిప్పీన్స్ దేశపు నావికుడు ఒకాయన రోజూ రాత్రి డ్యూటీ అయినాక వాయించడం నేర్పించాడు.

రెండేళ్ల కింద ఓడ ఇంజన్ రూములో మామ ఎడమచేతికి దెబ్బ తగిలింది. నడిమి వేలు, ఉంగరం వేలు ఇప్పుడు వంగవు. ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కకపోతే గిటారు లేదు. మామ ఇంటికొచ్చేసి గోడౌనులో లెక్కలు రాసే పనిలో చేరాడు. గిటారు నాకిచ్చాడు. నేను ఫోనులో చూసుకుంటూ, మా వీధి చివర చర్చిలో వాయించే అన్నను అడుగుతూ కొంచెం కొంచెం నేర్చుకున్నాను. అయితే నేను వాయించేటప్పుడు మామ ఆ గదిలో కూర్చొనేవాడు కాదు. లేచి వాకిట్లోకి పోయేవాడు. ఒకసారి అవ్వ అడిగితే, ‘‘దాని గొంతు పోయిందమ్మా. మూలన పడుండేదానికన్నా ఎవరికైనా అమ్మేస్తే వాళ్లన్నా వాయించుకుంటారు’’ అన్నాడు. నైనా కూడా సరే అన్నాడు. కాలేజీ చదివే అబ్బాయి ఒకడు వచ్చి చూసి, తక్కువ రేటు చెప్పి పోయాడు. ‘‘సంక్రాంతి దాకా ఉండనీ మామా, తీగలు మార్చి చూస్తాను’’ అని నేను బతిమాలాను. నా దగ్గర అవ్వ ఇచ్చినవీ, వ్యాసరచనలో వచ్చిన బహుమతి డబ్బులూ కలిపి వెయ్యి రూపాయల పైచిల్లర ఉంది. అంటే ఒక్క ప్యాకెట్టుకే చాలుతుంది. రెండోసారి కొనే వీలు లేదు.

గొంతు పోయిందని మామ అన్నది ఊరికే అన్న మాట కాదు. తీగ చచ్చిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. అక్కడ తీగను నొక్కకుండా వేలు ఊరికే తాకించి మీటితే గంటలాంటి సన్నని స్వరం వస్తుంది. అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటినా అదే స్వరం రావాలి. మా గిటారు నాలుగో తీగ మీద ఆ రెండూ కలవలేదు. తీగ పొడుగునా ఒకే బరువు ఉంటేనే స్వరం శుద్ధంగా ఉంటుంది. ఏళ్ల తరబడి మెట్లకు నొక్కుకొని చుట్టు అరిగిపోతే, చెమటా మట్టీ ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పట్టుకుంటే బరువు సమానంగా ఉండదు. మా తీగలకు వెండిపూత పోయి రాగి కనబడుతూ ఉండింది. సముద్రం పక్కన ఉండే మా పేటలో ఉప్పుగాలికి అది కూడా నల్లబడిపోయింది. మీటితే ‘టుక్’ అని పలికి ఆగిపోయేది. కింది మూడు నైలాన్ తీగలకు మాత్రం పెద్ద దోషం లేదు. వాటికి చుట్టు లేదు కాబట్టి అవి ఎక్కువ కాలం వస్తాయి. గిటారు వాళ్లు చాలామంది రెండు మూడుసార్లు బాస్ తీగలు మార్చినాక గానీ కింది తీగలు మార్చరు. బాస్ తీగల్లో కూడా అన్నిటికన్నా ముందు పోయేది నాలుగోది. చుట్టు ఉన్న వాటిలో అదే సన్నది.

అసలు బాస్ తీగకు లోహం చుట్టడం ఎందుకు? దీనికి జవాబు మన పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. సోనామీటరు పాఠం గుర్తుందా? తీగ పొడుగు, బిగువు మారకపోతే, తీగ ఎంత బరువైతే అంత మెల్లగా కంపిస్తుంది. కంపనాల సంఖ్య బరువు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే ఈ సూత్రాలు పుస్తకంలో రాశాడు. గిటారులో ఒకటో తీగ సెకనుకు సుమారు 330 సార్లు, ఆరో తీగ సుమారు 82 సార్లు కంపిస్తాయి. అంటే నాలుగో వంతు. బిగువు ఒకటే కావాలంటే ఆరో తీగ ప్రతి అంగుళమూ ఒకటో తీగకన్నా పదహారు రెట్లు బరువు ఉండాలి. ఒకటో తీగ మందం సుమారు 0.71 మిల్లీమీటర్లు. నైలాన్‌తోనే పదహారు రెట్ల బరువు తేవాలంటే మందం నాలుగు రెట్లు కావాలి. దాదాపు 2.8 మిల్లీమీటర్లు! అది తీగ కాదు, కొక్కేనికి కట్టే తాడు. అంత మందం వంగదు, పలకదు. అందుకని లోపల సన్నని నైలాన్ పోగులు కట్టగా పెట్టి, బయట వెండిపూత పూసిన రాగితీగను స్ప్రింగులాగా చుట్టారు. రాగి నైలాన్ కన్నా దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రత గలది. బరువు రాగి ఇస్తుంది, వంగే గుణం పోగులు ఇస్తాయి. అట్లా ఆరో తీగ 1.1 మిల్లీమీటర్లలోనే సర్దుకుంటుంది.

నైలాన్ రాక ముందు కింది తీగలు జంతువుల పేగుతోను, మంద్ర తీగలు పట్టుపోగుల మీద లోహం చుట్టి చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేగుదారం ఆపరేషన్లలో కుట్లు వేయడానికి పోయి గిటారు వాళ్లకు దొరకలేదు. అప్పుడు న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ అనే గిటారు తయారీదారు, విద్వాంసుడు సెగోవియా ప్రోత్సాహంతో నైలాన్ తీగలు చేశాడు. పట్టు ఉన్న చోటికీ నైలాన్ పోగులు వచ్చాయి. ఇవాళ మనం కొనేది ఆ వంశమే.

ఈ లెక్క తెలిసినాక తీగ ఎంచుకోవడం సులువని అనుకుంటాం. కానీ కొట్టుకు పోతే తెలుస్తుంది. నేను మూడు కొట్లు తిరిగాను. మొదటి కొట్లో ఆయన ఉక్కు తీగల ప్యాకెట్టు చేతిలో పెట్టి, ‘‘ఇదే అందరూ తీసుకుపోతారు, శబ్దం బాగా పెద్దగా వస్తుంది’’ అన్నాడు. మీలో ఎవరి ఇంట్లోనైనా నైలాన్ గిటారు ఉంటే ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నైలాన్ తీగలు ఆరూ కలిసి గిటారును సుమారు 40 కేజీల బలంతో లాగుతాయి. ఉక్కు తీగలు సన్నరకమైనా 70 కేజీల దాకా లాగుతాయి. నైలాన్ కోసం పలచగా చేసిన పలక ఆ బలానికి ఉబ్బిపోతుంది, తీగలు కట్టిన బ్రిడ్జి ఊడి వస్తుంది. నేను వద్దని చెప్పి వచ్చేశాను.

మిగతా రెండు కొట్లలో నైలాన్ సెట్లు ఉన్నాయి. వాటి మీద ‘నార్మల్ టెన్షన్’, ‘హార్డ్ టెన్షన్’, ‘కాంపోజిట్’, ‘పాలిష్డ్’ అని రాసి ఉంది. ఒక్కొక్కటీ ఏమిటో విడిగా తెలుసుకున్నాను. నార్మల్, హార్డ్ అనేవి బిగువు తేడా. డాడారియో కంపెనీ నార్మల్ సెట్టులో ఆరో తీగ అంగుళంలో 43 వేల వంతులు, హార్డ్ సెట్టులో 44 వేల వంతులు మందం. ఒక్క వేల వంతే తేడా! కానీ మందం పెరిగితే బరువు పెరుగుతుంది, అదే స్వరానికి ఇంకా గట్టిగా బిగించాలి. వేలికి ఆ తేడా తెలుస్తుంది. కాంపోజిట్ అంటే లోపలి పోగులు నైలాన్ కాక వేరే గట్టి పదార్థం. శబ్దం ఎక్కువ మెరుపుగా, ఎక్కువ బలంగా వస్తుంది. పాలిష్డ్ అంటే చుట్టు మీది గరుకు తీసి నున్న చేసినవి. వేలు జరిపేటప్పుడు ‘జర్ర్’ మనకుండా రికార్డింగు చేసేవాళ్లు వాడతారు. శబ్దం కొంచెం మెత్తబడుతుంది.

ఏది మంచిది అని కొట్లో అడిగితే, ఎక్కువసేపు మోగేదే మంచిదని చెప్పారు. నాకూ మొదట అది సబబుగానే తోచింది. మా వెనక వీధిలో ఉండే వీణ టీచరు దగ్గరికి పోయి అడిగాను. టీచరు వీణ మంద్ర తీగ ఒకటి మీటి, ‘‘లెక్కపెట్టు’’ అన్నారు. ఆదితాళం ఒక ఆవర్తనం వేసినా ఆ నాదం ఇంకా గాలిలో ఉంది. అంతసేపూ ఆమె తీగను పక్కకు లాగి గమకం పలికిస్తూనే ఉన్నారు.

‘‘చూశావా? ఒక్క మీటులో ఇంత పాట ఉంది. వీణకు కార్వై కావాలి. నాదం నిలబడకపోతే గమకం ఎక్కడ పెడతావు?’’ అన్నారు.

‘‘అయితే నా గిటారుకూ అట్లాంటి తీగే కొనమంటారా టీచర్?’’

‘‘నీ పాట ఏంటో ముందు నాకు వినిపించు. పాట వినకుండా తీగ ఎట్లా చెప్తాను?’’

నేను ఫోనులో ‘సొలెయా’ వినిపించాను. ఫ్లమెంకోలో చాలా పాటలకు తల్లిలాంటిది సొలెయా. పన్నెండు లెక్కల తాళం. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు దగ్గర ఊనిక పడుతుంది. టీచరు కళ్లు మూసుకొని తొడ మీద వేళ్లు కొడుతూ రెండుసార్లు విన్నారు. ‘‘తోడి స్వరాల మాదిరి పోతుంది, ఆగే చోట వకుళాభరణం గాంధారం పలుకుతుంది’’ అని నవ్వారు. తరువాత చెప్పిన మాటే నాకు దారి చూపించింది. ‘‘ఇందులో బొటనవేలు పాడడం లేదు పాపా. తాళం వేస్తున్నది. మృదంగం తొప్పి మాదిరి. తొప్పి మోత పక్క దెబ్బ మీద పడితే ఎట్లుంటుంది? కలగాపులగమైపోదూ?’’

ఇంటికొచ్చి మళ్లీ విన్నాను. టీచరు చెప్పింది అక్షరాలా నిజం. ఫ్లమెంకోలో గిటారు మొదట పాటకూ ఆటకూ తోడుగా పుట్టింది. నాట్యం చేసేవాళ్ల మడమల దెబ్బలు, చప్పట్లు, గాయకుడి గొంతు అన్నిటి మధ్య అది వినిపించాలి. వినిపించి వెంటనే తప్పుకోవాలి. అందుకే ఫ్లమెంకో గిటారు ఒళ్లు కూడా వేరుగా చేస్తారు. కచేరీ గిటారుకు వెనక, పక్కల బరువైన రోజ్‌వుడ్ వేస్తారు. సంప్రదాయ ఫ్లమెంకో గిటారుకు తేలికైన స్పెయిన్ సైప్రస్ కర్ర. మా మామది తక్కువ ధరది కాబట్టి సికమోర్ కర్ర. అదీ లేత రంగుదే. తీగలు మెట్లకు చాలా దగ్గరగా ఉంటాయి. గోటితో, వేలితో పలక మీద కొట్టే ‘గోల్పే’ దెబ్బకు కర్ర పాడవకుండా పలచని ప్లాస్టిక్ రేకు అంటించి ఉంటుంది. ఇదంతా శబ్దం చటుక్కున పుట్టి, చటుక్కున అణగాలనే ఏర్పాటు. ఇంత జాగ్రత్తగా పొడిగా చేసిన గిటారుకు ఎక్కువసేపు మోగే తీగ కడితే చేసినవాడి శ్రమ చెడగొట్టినట్టే.

బులెరియా అనే పాటరకం ఉంది. నిమిషానికి 200 లెక్కలకు పైనే నడుస్తుంది. అంటే ఒక్కో లెక్కకు సెకనులో మూడో వంతు కన్నా తక్కువ టైము. ఆ వేగంలో బొటనవేలు చేసే పనిని ‘అల్సాపూవా’ అంటారు. బొటనవేలు మంద్ర తీగను కిందికి కొట్టి, పక్క తీగ మీద వాలుతుంది. తరువాత గోటి వెనకవైపుతో పైకి, మళ్లీ కిందికి. ఒక్క బొటనవేలే తబలా కుడీ ఎడమా రెండూ అయినట్టు. మంద్ర తీగ మెత్తగా, వదులుగా ఉంటే వేలు దానిలో కూరుకుపోతుంది, పైకి రావడానికి ఆలస్యమవుతుంది. కాబట్టి తీగను చెవితోనే కాదు, బొటనవేలితో కూడా చూడాలి.

ఇక్కడ చర్చి అన్న సాయం చేశాడు. అతని దగ్గర రెండు నైలాన్ గిటార్లున్నాయి. ఒకదానికి హార్డ్ టెన్షన్ తీగలు, ఇంకోదానికి నార్మల్‌లో పాలిష్డ్ బాస్ తీగలు. ఆదివారం ప్రార్థన అయినాక గంటసేపు రెండూ నాకిచ్చాడు. నేను పాట వాయించలేదు. రెండింటి మీద ఒకే నాలుగు పరీక్షలు చేశాను. మొదటిది, ఆరో తీగను బొటనవేలితో గట్టిగా కొట్టి, శబ్దం మొదట్లోనే నిండుగా వస్తుందా, మెల్లగా ఊరుతుందా అని విన్నాను. రెండోది, అరచేతి అంచుతో తీగను ఆపి, ఎంత శుభ్రంగా ఆగుతుందో చూశాను. మూడోది, అల్సాపూవా మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోయాను. నాలుగోది, ఆరు తీగలూ వేళ్లతో ఒక్కసారి విదిలించి కొట్టి, ఆ సందడిలో మంద్రం విడిగా వినబడుతుందా లేదా అని చెవి పెట్టాను.

పాలిష్డ్ తీగ విడిగా వింటే చాలా తియ్యగా ఉంది. ఒక్కదాన్నే మీటుతూ కూర్చోవచ్చు. కానీ నాలుగో పరీక్షలో అది కింది తీగల్లో కలిసిపోయింది. వేలు జారినప్పుడు వచ్చే గీరుడు లేదు గాని, దెబ్బకు ఉండాల్సిన గరుకు కూడా పోయింది. హార్డ్ టెన్షన్ తీగ విడిగా వింటే కొంచెం కటువుగా ఉంది. వేగంలో మాత్రం బొటనవేలిని వెనక్కి నెట్టి పంపించింది. దానికి కారణమూ సోనామీటరు పాఠమే చెబుతుంది. బిగువు ఎక్కువైతే అదే దెబ్బకు తీగ తక్కువ వెడల్పులో ఊగుతుంది. మా గిటారులాగా తీగలు మెట్లకు ఆనుకొని ఉన్నట్టుండే వాటికి ఇది అవసరం. తీగ వెడల్పుగా ఊగితే మెట్లకు తగిలి బరబరమంటుంది. ఫ్లమెంకోలో కొద్దిగా బరబర ఉండాలి, అది దాని రుచి. ఎక్కువైతే స్వరం చచ్చిపోతుంది. కూరలో కారం మాదిరి.

అప్పుడు ఒక కాగితం మీద రాసుకున్నాను. మామ విన్నది ‘డోలు మాదిరి, కానీ స్వరం పలికే’ శబ్దం. అయితే కాంపోజిట్ వద్దు, ఇప్పటికే పదునుగా ఉండే లేతకర్ర గిటారుకు ఇంకా మెరుపు అక్కరలేదు. పాలిష్డ్ వద్దు, గరుకు కావాలి. లోపల నైలాన్ పోగులు, బయట వెండిపూత రాగి, హార్డ్ టెన్షన్. ఇంతే. అందరికీ ఇదే సరైనదని నేను చెప్పను. స్పెయిన్‌లో కూడా మెత్తని తీగలు ఇష్టపడే ఫ్లమెంకో వాద్యకారులున్నారు. తీగలు పైకెత్తి కట్టిన గిటారైతే, చేతిలో బలం తక్కువైతే నార్మల్ టెన్షనే మేలు. నేను ఎంచుకున్నది ఈ గిటారుకు, ఈ పాటకు, ఈ బొటనవేలికి.

సెట్టు కొనుక్కొచ్చి బాస్ తీగలు మూడే మార్చాను. కింది మూడు కొత్తవి దాచిపెట్టాను. అన్నీ ఒకేసారి విప్పకుండా ఒకటి విప్పి ఒకటి కట్టాను, మెడ మీద బిగువు ఒక్కసారిగా పోకుండా. మొదటిరోజు శబ్దం విని అవ్వ, ‘‘ఇత్తడి చెంబు కింద పడినట్టుంది’’ అన్నది. అది నిజమే. కొత్త బాస్ తీగలు మొదట్లో అట్లాగే గణగణమంటాయి. అందుకే కచేరీ చేసేవాళ్లు కొన్ని రోజులు ముందుగానే తీగలు మారుస్తారు. రోజూ అరగంట వాయిస్తూ, రోజూ శ్రుతి సరిచేస్తూ పోయాను. నాలుగైదు రోజులకు చెంబు మోత తగ్గింది. వారం తిరిగేసరికి మంద్రం పొడిగా, గుండ్రంగా వచ్చింది. కొట్టగానే నిండుగా లేచి, తరువాతి లెక్కకు దారి వదిలి తప్పుకోసాగింది.

భోగికి రెండు రోజుల ముందు, సాయంత్రం నేను సొలెయా మొదటి వరుస వాయిస్తున్నాను. ఏ–మైనర్, జీ, ఎఫ్, ఈ అని నాలుగు మెట్లు దిగి, ఆరో తీగ మీద ఇల్లు చేరుతుంది. మామ పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. వాకిట్లోకి పోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

‘‘ఇంకోసారి కొట్టు’’ అన్నాడు.

కొట్టాను.

‘‘బొటనవేలు భయపడతా ఉంది. తీగ మీద కాదు, తీగలోంచి పోవాల. పక్క తీగ మీద పోయి కూర్చోవాల’’ అన్నాడు. అని వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. గిటారు నా ఒళ్లోనే ఉంది. ‘‘నువ్వు పట్టుకో’’ అని తన కుడిచెయ్యి తీగల మీద పెట్టాడు.

ఆ కుడిచేతికి ఏ దెబ్బా తగల్లేదు. ఈ రెండేళ్లలో ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ తలుచుకోలేదు, మామ కూడా తలుచుకోలేదేమో. నేను ఎడమచేత్తో మెట్లు నొక్కుతుంటే మామ బొటనవేలు ఆరో తీగ మీద పడింది. నేను వారమంతా వాయించిన తీగే. అయినా ఆ శబ్దం నేను అంతకుముందు వినలేదు. గోడకు తగిలించిన సిబ్బి కూడా అదిరింది. పన్నెండో లెక్క దగ్గర ఇద్దరమూ ఒకేసారి ఆగాము. మామ ఏమీ అనలేదు. ‘‘మళ్లీ, మొదట్నుంచి’’ అన్నాడు అంతే.

కాలేజీ అబ్బాయి పండగ తరువాత ఫోను చేస్తే, అమ్మేది లేదని నైనానే చెప్పాడు. ఇప్పుడు వారానికి మూడు నాలుగు సాయంత్రాలు మేమిద్దరం ఒక్క గిటారు వాయిస్తాము. ఎడమచెయ్యి నాది, కుడిచెయ్యి మామది. అట్లా వాయించడం కష్టమే, లెక్క తప్పితే ఇద్దరికీ నవ్వొస్తుంది. మిగతా రోజుల్లో రెండు చేతులూ నావే. మామ పక్కనుంచి బొటనవేలికి పాఠం చెబుతాడు.

ఈ నెలన్నరలో నేను నేర్చుకున్నది మీకు పనికొచ్చేలా చెప్పాలంటే ఇంతే. తీగ కొనేముందు గిటారును చూడండి, దాని మీద ఏ పాట వాయిస్తారో చూడండి. వీణకు పనికొచ్చే గుణమే ఇక్కడ అడ్డం కావచ్చు. విడిగా తియ్యగా మోగేది గుంపులో వినిపించకపోవచ్చు. వాయించినాక పొడిబట్టతో తీగలు తుడవండి. మన ఊరి గాలికీ చెమటకూ వెండిపూత త్వరగా పోతుంది. నేను ఇప్పుడు రోజూ తుడుస్తున్నాను. అయినా నాలుగో తీగ మొదటి మెట్ల దగ్గర చుట్టు అప్పుడే కొంచెం నలిగి కనబడుతోంది. వచ్చేసారి బాస్ తీగలు మూడే విడిగా దొరుకుతాయేమో అడగాలి. కొన్ని కంపెనీలు అట్లా అరసెట్టు అమ్ముతాయి. అందుకని ఈసారి దసరా డబ్బులు ఇప్పటినుంచే డబ్బాలో వేస్తున్నాను. మామ కూడా అందులో యాభై రూపాయలు వేశాడు.